కమల ఎక్కిన బస్సు

మొగల్రాజపురంలోని ఆ ఇంట్లో పెసరట్లు ఘుమఘుమలాడుతున్నాయి గానీ, తినేవాళ్ల మొహాల్లో కళ లేదు. ఇంకాసేపట్లో సింధూరి కాలేజీ సెమినార్లో పత్రం చదవాలి. అది తల్లి సుబ్బరత్నం రాసిన నవల మీదే. నిన్న ఆ పత్రం చూసినప్పటి నుంచి సుబ్బరత్నం కూతురితో మాట్లాడలేదు.

మనోవిశ్లేషణ చదివినవాళ్లతో వచ్చే చిక్కే అది. ఇంట్లో ఎవరు తుమ్మినా చిన్నతనంలో కారణం వెతుకుతారు. ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆ నవలలో కమల అనే ఇల్లాలు, నిద్రపోతున్న ఆరేళ్ల కూతుర్ని వదిలేసి బస్సెక్కుతుంది. అప్పటికి సింధూరికీ ఆరేళ్లే. అది రచయిత్రి మనసులో అణిగిపోయిన కోరికేనని సింధూరి తేల్చేసింది. తేల్చాక తనే కూర్చుని ఏడ్చింది.

"ఆ భాగం తీసెయ్యవే" అంది సుబ్బరత్నం, చేతిలో అట్లకాడతోనే.

"ఎందుకు తియ్యాలమ్మా? అబద్ధమా?"

"నలుగురిలో నన్ను బజారుకీడిస్తే నీకేం ఒరుగుతుంది?"

"నన్నొదిలేసి వెళ్లిపోదామనుకున్నావా, లేదా? ఆ ఒక్కటీ చెప్పు, చింపి పారేస్తా."

సుబ్బరత్నం పెనం మీది అట్టు తిరగేసింది. కాదని ఒక్క మాటంటే చాలు, సింధూరి నమ్మేసేది.

"అనుకున్నాను, సరేనా? వెళ్లి చదువుకో పో" అంది చివరికి తల్లి.

"అబద్ధం" అన్నాడు తండ్రి వెంకటకృష్ణారావు, ప్లేటు పక్కకి నెట్టి.

"మీరూరుకోండి."

"ఇన్నేళ్లూ ఊరుకున్నాగా రత్నం."

సుబ్బరత్నం వంట చేస్తూ కథ చెబుతుంటే ఆయన పక్కనే పీట మీద కూర్చుని రాసేవాడు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి డ్యూటీకెళ్తూ పోస్టు చేసేవాడు. ఈ సంగతి సింధూరికి తెలుసు. రాసే మనిషికీ ఒక మనసుంటుందని మాత్రం ఆమెకు తట్టలేదు.

"కమల బస్సెక్కడం మీ అమ్మ చెప్పలేదమ్మా. నేనే రాసి పంపేశా. మా నాన్న మంచాన పడ్డాడు, చెల్లెళ్ల పెళ్లిళ్లు నా నెత్తినున్నాయి. ఇంట్లో ఊపిరాడేది కాదు. ఎటన్నా పోదామని సంచి సర్దుకున్నా. ఆ మాట నా నోటితో అనలేక కమల చేత అనిపించా."

"అమ్మకి తెలుసా?"

"అచ్చులో చూసింది. ఒక్క మాట అడగలేదు. తర్వాతి భాగం చెబుతూ, పప్పు ఎనుపుతూనే, 'కమల హనుమాన్ జంక్షన్లో దిగి ఇంటికి తిరుగు బస్సెక్కింది, రాసుకోండి' అంది. నాకు చెయ్యాడలేదు. 'రాయండి, పాప లేచే వేళయింది' అంది." ఆయన పక్కకి నెట్టిన ప్లేటు వైపే చూస్తున్నాడు. "రాశా. రాసి, సంచి విప్పేశా."

సింధూరి తల్లి వైపు తిరిగింది. కాదంటే ఆ కోరిక మరెవరిదన్న ప్రశ్న వస్తుందని, తండ్రి మీద తన మనసు విరగకూడదని, ఇందాక ఆ నింద తల్లి తన నెత్తిన వేసుకుందని ఇప్పుడు అర్థమైంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఆయన వెళ్లలేదుగా. ఇంక చెప్పడానికేముంది?" అంటూ సుబ్బరత్నం పమిటతో కూతురి కళ్లు తుడిచింది. "నా దగ్గర కాదే, ముందు ఆయన దగ్గరకెళ్లు. చూడు, అట్టు సగంలోనే వదిలేశారు."

సింధూరి వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.