నాలుగు కడ్డీలు, రెండు చేతులు

ఆ బట్టల ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన ఒక ఆటల గది ఉండేది. పొద్దుగూకిందంటే అటు కన్నెత్తి చూసేవాళ్ళు లేరు. అందులోని టేబుల్ ఫుట్‌బాల్ బల్ల మీద, కడ్డీలకి గుచ్చిన బొమ్మలు వాటంతటవే కాళ్ళు విదిలిస్తాయట... ఎవరూ లేకుండానే బంతి దొర్లుతుందట. పైవాణ్ణి నమ్ముకున్నవాళ్ళం, మనకేం భయం అంటారా? అలాగే అనండి. కాస్త దగ్గరికి జరిగి అనండి.

ఇస్త్రీ సెక్షన్లో ఒకావిడ. అందరికీ చిన్నక్క. మూడు నెలలకోసారి ఇస్త్రీవాళ్ళకీ ప్యాకింగ్‌వాళ్ళకీ ఆ బల్ల మీద పట్టపగలే పందెం జరిగేది. సెక్షన్‌కి ఒక్కరే ఆడాలి. ఓడినవాళ్ళ సెక్షన్ మొత్తానికీ మూణ్ణెల్లు రాత్రి డ్యూటీ. ఈసారి చీటీలో చిన్నక్క పేరొచ్చింది. ఆవిడ ఆ కడ్డీ ముట్టుకున్న పాపాన పోలేదు. ఇంట్లో చూస్తే మూడేళ్ళ కూతురు, అమ్మ చెవి పట్టుకుంటే గానీ కన్ను మూయదు.

"ఈ ఒక్క రాత్రికీ దానికి నీ చెవి ఇవ్వు. పోయి కాస్త చెయ్యి తిప్పుకొస్తాను," అంది మొగుడితో.

"గట్టిగా పిండుతుందే..."

"రేపు నేను ఓడితే రోజూ పిండుతుంది మరి."

అలా వచ్చింది, పందేనికి ముందు రాత్రి. గదిలో బల్బు మాడిపోయి ఉంది. వరండా దీపం బల్లలో సగానికే అందుతోంది. అవతలి సగం — కాటుక చీకటి.

'దేవుడా, నీదే భారం,' అనుకుని బంతి తీసింది. అక్కడో ఆచారం ఉంది. బంతి వేసేముందు దాంతో బల్ల అంచు మీద రెండుసార్లు కొట్టాలి, సిద్ధమా అని. ఎదుటివాళ్ళు బదులు కొట్టాలి. అప్పుడే బంతి చెల్లుతుంది. ఎదురుగా ఎవరూ లేరు కదా... అయినా కొట్టింది.

టక్ టక్.

చీకట్లోంచి — టక్ టక్.

చిన్నక్క చేతిలోంచి బంతి జారి బల్లలో పడింది. అటు దొర్లింది. ఎవరో తన్నినట్టు తిరిగొచ్చింది.

పరిగెత్తాలి. వెనక్కి తిరగబోయింది. కూతురు గుర్తొచ్చింది... కళ్ళు మూసుకుని, అందిన కడ్డీని గిరగిరా తిప్పేసింది.

అవతల నాలుగు కడ్డీలూ ఒక్కసారిగా కోపంగా ఊగాయి. నాలుగూ! ఈ ఆటలో కష్టమంతా అదే కదా — కడ్డీలు నాలుగు, మనిషికి చేతులు రెండు. ఒకటి వదిలితేనే ఇంకోటి పట్టేది. మరి ఇక్కడ...

ఆవిడ తిప్పినప్పుడల్లా బంతి చీకట్లో ఆగిపోయేది. అలిగినట్టు... చాలాసేపటికి వచ్చేది. ఓసారి భయంతో చెయ్యి బిగుసుకుపోయి, బంతి బొమ్మ కాలి కింద ఇరుక్కుంది. ఆగింది. మెల్లగా పక్క బొమ్మకి తోసి, మణికట్టుతో చిన్నగా విదిల్చింది. బంతి సూటిగా పోయి గోల్లో పడింది.

ఎదుటి నాలుగు కడ్డీలూ ఇంకా ఊగుతూనే ఉన్నాయి. బల్ల కింద నుంచి ఒక్కటే దెబ్బ — టక్. శభాష్ అన్నట్టు.

భయం ఎప్పుడు పోయిందో తెలీదు. ఆట పట్టుబడుతోంది. ఆ హుషారులో మళ్ళీ గిరగిరా తిప్పింది.

"తిప్పకు తల్లీ..." చీకట్లోంచి గుసగుస. "తిప్పకు..."

"నోరు మూసుకుని ఉండలేవు కదా నువ్వు," ఇంకో గొంతు.

బల్ల వెనక నుంచి, మోకాళ్ళు పట్టుకుంటూ, రెండు తలలు లేచాయి. బాయిలర్ తాత. ఆయన ఇల్లాలు, క్యాంటీన్ మామ్మ.

"ఆయనది రాత్రి డ్యూటీ, నాది పగలు," అంది మామ్మ సిగ్గుపడుతూ. "మేమిద్దరం మొహాలు చూసుకునేది ఈ అరగంటేనే. ఎవరూ రాకూడదని దెయ్యం మాట మేమే పుట్టించాం."

"నీ అడుగుల చప్పుడుకి దాక్కున్నాం. నువ్వు కొట్టావు, బదులు కొట్టకపోతే తప్పు కదా," అన్నాడు తాత. "ఊరుకుందామనే అనుకున్నాం. కానీ కడ్డీని గిరగిరా తిప్పడం ఈ ఆటలో తప్పు. అలా తిప్పుతుంటే ఏ దెయ్యమైనా ఎలా ఊరుకుంటుందమ్మా?"

ఆయనవి రెండు చేతులు, ఆవిడవి రెండు. లెక్క సరిపోయింది. ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం, డ్యూటీ దిగాక పందెం. గోల్స్ నాలుగు — నాలుగు. ఆఖరి బంతి. చిన్నక్క తిప్పలేదు. ఆపింది... పక్కకి తోసింది... విదిల్చింది. గోల్.

ఇస్త్రీవాళ్ళ కేకలతో గది దద్దరిల్లింది. ఆ గోలలోనే, బల్ల కింద నుంచి — టక్.

మామ్మా తాతల పనే అనుకుని నవ్వుతూ తలెత్తింది. మామ్మ రెండు చేతుల్లో టీ గ్లాసుల పళ్ళెం. పందెం చూడ్డానికి పగటి నిద్ర మానుకుని వచ్చిన తాత చేతులు జేబుల్లో. ఇద్దరి మొహాల్లో నవ్వు ఆగిపోయి ఉంది.

"రాత్రి కూడా..." అన్నాడు తాత. "అది నువ్వు కొట్టావనుకున్నామే..."

రాత్రి తాత చేతులు కడ్డీల మీద. మామ్మ చేతులు కడ్డీల మీద. చిన్నక్కవీ అంతే. మరి?

చిన్నక్క కాసేపు ఆ బల్లనే చూసింది. తర్వాత పైకి చూసి ఒక దణ్ణం, కిందికి చూసి ఒక దణ్ణం పెట్టింది. వేలు మడిచి బల్ల అంచు మీద రెండుసార్లు కొట్టింది.

బదులొచ్చిందో లేదో వినడానికి ఆగలేదు. ఇంటి దగ్గర పిల్ల అమ్మ చెవి కోసం ఎదురుచూస్తోంది.