తిప్పి గీసిన గీత

"ఆ పెట్టె కింద పెట్టండి."

పాత పనిముట్ల కొట్టులో ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. నా చేతిలో ఇరవై నాలుగు పనిముట్ల కొత్త సెట్టు తళతళా మెరిసిపోతోంది.

"ఏం, అమ్మరా?"

"అమ్ముతాను. నెల తిరక్కుండా తిట్టుకుంటూ వస్తారు. ఇంతకీ ఏం చేద్దామని?"

"మా అమ్మకి స్టూలు. ఇదే మొదటిసారి."

"అయితే ఐదు చాలు. రంపం, రెండు ఉలులు, చిత్రిక, మూల సరిచూసే మూలమట్టం."

రంపాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని వంకర ఉందేమో చూడమంది. నేను చూసింది ఆమె వేళ్ళని, అది వేరే సంగతి. మంచి ఉలి ఒకటి కనిపిస్తే చెయ్యి చాపాను.

"అది కాదు. మా తాతయ్య ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టినవి అమ్మం. మాకే ఉంచుకుంటాం."

చివరికి గుట్టలోంచి టిక్కు లేని పాత మూలమట్టం ఒకటి తీసింది. "ఇదీ తాతయ్యదే. చెక్క అంచుకి ఆనించి గీత గియ్యండి. తిరగేసి అక్కడే మళ్ళీ గియ్యండి. రెండూ కలిస్తే మట్టం మంచిది."

కలిశాయి. వెంట్రుకంత తేడా లేదు.

అప్పుడు గమనించాను. బల్ల కింద చెక్క పొట్టు, చుట్టలు చుట్టలుగా, పచ్చి వాసనతో.

"ఇక్కడ తాతగారు పని చేస్తారా?"

"పోయి ఏడాదైంది. ఎవరూ చెయ్యరు. పొద్దున్నే నేను ఊడుస్తాను, అంతే."

వాన సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను డబ్బులిచ్చి, సామాన్లు పట్టుకుని గబగబా బయటపడ్డాను.

భయం వేసినవాడు మళ్ళీ వెళ్ళకూడదు. నేను నాలుగు రోజులకే సాకు వెతుక్కుని వెళ్ళాను. "మీ మట్టం బాగాలేదండీ. గీతలు కలవట్లేదు."

పచ్చి అబద్ధం. ఇంట్లో చక్కగా కలిశాయి. ఆమె చెక్క ముందుకు తోసింది. గీశాను, తిరగేసి గీశాను. రెండు గీతలూ వేలెడు దూరం విడిపోయాయి!

ఇంటికొచ్చి గీస్తే మళ్ళీ ఒకటే గీత. ఆ మట్టాన్ని గుడ్డలో చుట్టి బీరువా మీదకి ఎక్కించేశాను.

వారం తర్వాత, వానలో తడుస్తూ, దాన్నే సంచిలో వేసుకుని వెళ్ళాను. కొట్టు సగం ఖాళీగా ఉంది. ఎటు చూసినా అట్టపెట్టెలు.

"ఎల్లుండి మూసేస్తున్నాను. ఊరొదిలి అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఏం కావాలి?"

"ఇంకో ఉలి... కొందామని."

"గియ్యండి."

ఈసారి గీతల మధ్య నా అరచెయ్యి పట్టేంత ఖాళీ.

"తాతయ్య ముందు అబద్ధమాడితే ఇంతే," అంది. "బతికుండగా చెవి మెలేసేవాడు. ఇప్పుడు చెవి అందట్లేదు."

బల్ల దగ్గర సర్రుమని చిత్రిక పట్టిన చప్పుడు. బల్ల మీదున్న చిత్రిక మాత్రం నా కళ్ళెదుటే కదలకుండా ఉంది. కాళ్ళు పారిపొమ్మన్నాయి. కానీ పారిపోతే ఎల్లుండి తర్వాత ఈ అమ్మాయి నాకు కనిపించదు.

"మీకోసం వచ్చాను. స్టూలు ఎప్పుడో అయిపోయింది. మిమ్మల్ని చూడకపోతే ఏమీ తోచట్లేదండీ."

గీశాను. తిరగేసి గీశాను. ఒకటే గీత.

ఆమె ముఖం ఎర్రబడింది. "అది మీ సంగతి. నాకు అలాంటిదేం లేదు."

మట్టం తీసి ఆమె చేతిలో పెట్టాను. పెదవి కొరుక్కుంటూ గీసింది. తిరగేసి గీస్తే రెండో గీత చెక్క దాటి పక్కకి పోయింది.

"అబద్ధాలకోరు!" అన్నాను.

"తాతయ్యా, నువ్వు నా వైపా, ఆయన వైపా?" అని ఖాళీ గోడని కసిరి, నవ్వేసింది. "సరే, ఉంది. మీరు రాని రోజు నాకూ కొట్టు తెరవబుద్ధి కాదు. చాలా?"

మళ్ళీ గియ్యలేదు. గియ్యాల్సిన పనీ లేకపోయింది. నా కుడి చేతి మీద ఏదో చల్లగా, గరుగ్గా కదిలింది. చూస్తే చర్మం మీద ఎర్ర పెన్సిల్ టిక్కు.

ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"టిక్కు పెట్టినవి ఎవరికీ ఇవ్వం అని చెప్పానుగా," అని అట్టపెట్టెల్ని కాలితో పక్కకి నెట్టింది.