మనిషి వస్తున్నాడు

జర్మనీలో మా బాంబెర్గ్‌కు వచ్చినవాళ్లకు ఊరు చూపించడం నా పని. పొద్దున్నుంచీ వాగి వాగి ఉంటానేమో, మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవరైనా పలకరిస్తే ఒళ్లు మండుతుంది. ఆ ఒళ్లుమంట వల్లే ఇదంతా.

నిరుడు జనవరిలో, బయట మంచు పడుతుంటే, ఎప్పుడూ తినే హోటల్లో పేపరు చదువుకుంటున్నాను. మా ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాళ్లయినా ఒకే బల్ల దగ్గర తింటారు. ఖాళీయేనా అని అడగడం, కూర్చోవడం, అంతే. ఒక ముసలాయన టోపీ తీసి, నా పక్క కుర్చీ చూపించి అదే అడిగాడు. "లేదండీ, మనిషి వస్తున్నాడు" అన్నాను. ఎవరూ రావడం లేదు. ఇంకెక్కడా చోటు దొరక్క ఆయన బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు నది ఒడ్డున బెంచీ మీద, మంచులో కొయ్యబారి కనిపించాడట.

ఈ నవంబరులో హెడ్విగ్ అనే ఆవిడ వచ్చింది. వాళ్ల నాన్న చివరిరోజు తిరిగిన చోట్లన్నీ చూపించమంది. ఫోటో చూస్తే, ఆ టోపీ ముసలాయనే. ఆయన జేబులో దొరికిన కార్డు కూడా చూపించింది. పెద్ద చర్చి చూశాడట, నది మధ్యలో కట్టిన పాత టౌన్ హాలు చూశాడట, ఇప్పుడు కాల్చిన పందిభుజం తినబోతున్నాడట, మిగతాది తిన్నాక రాస్తాడట. మిగతాది లేదు.

ఆయన బదులు అది తాను తింటానంది. వేరే హోటలుకు తీసుకెళ్లాలని చూశాను, కార్డులో నేను తినే హోటలు పేరే ఉందని వినలేదు.

లోపల పొగవాసన వేసే మా ఊరి బీరు, కాలిన కొవ్వు, తడి కోట్ల కంపు. జనం కిటకిటలాడుతున్నారు. ఇరవై ఏళ్లుగా నాకు వడ్డించే మార్గిట్ నా బల్లే చూపించింది. ఇద్దరం కూర్చున్నాం. నా పక్క కుర్చీ ఖాళీ.

ఒకావిడ వచ్చి, అడగబోయి, ఆ కుర్చీని చూసి, క్షమించమని వెళ్లిపోయింది. తర్వాత ఒకాయన... ఆయనా అంతే. గోడవారగా జనం నిలబడే ఉన్నారు. ఆ కుర్చీలోకి మాత్రం ఎవరూ రావడం లేదు.

ముసలాయనే వచ్చి కూర్చున్నాడనుకున్నాను. నా కుర్చీ కాస్త ఇవతలికి జరుపుకున్నాను.

"నాన్న ఇక్కడిదాకా వచ్చి ఎందుకు తినలేదంటారు, లిండ్నర్ గారూ?" అంది హెడ్విగ్ మెల్లగా. "కడుపు ఖాళీగా ఉందని డాక్టరు చెప్పాడు."

ఆరోజు హోటలు మూసి ఉందేమో అన్నాను. అన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఇక దాచలేకపోయాను.

"నేనే కూర్చోనివ్వలేదు. మనిషి వస్తున్నాడని అబద్ధం చెప్పాను. ఎవరూ లేరు." ఆ కుర్చీ వైపు తిరిగాను. "తప్పయిపోయింది... తినండి..."

హెడ్విగ్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

పక్క బల్ల మీద బీరు పెడుతున్న మార్గిట్ మా మీదికి వంగి, గొంతు తగ్గించి అంది:

"ఎవరూ లేరంటావేంటి? వస్తున్నాడన్న నీ మనిషి ఇందాకట్నుంచీ నీ పక్కనే కూర్చున్నాడుగా. ఆ టోపీ పెద్దాయనే పాపం, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు."

హెడ్విగ్ "నాన్నా" అంటూ గుమ్మం వైపు పరుగెత్తింది. నేనూ లేవబోయాను...

బల్ల కింద ఒక చెయ్యి నా మోకాలి మీద పడింది. నన్ను మళ్లీ కూర్చోబెట్టింది.

చచ్చినవాళ్ల చెయ్యి చల్లగా ఉండాలి కదా... అది వెచ్చగా ఉంది.