ముత్తమ్మ పెరటి తొలికాయ

భాద్రపదంలో వాన తెరపిచ్చిన ఒక ఉదయం, మేడ్చల్‌లోని తన ఇంటి పెరట్లో పందిరి కింద నిలబడి ముత్తమ్మ ఆ ఏటి మొదటి సొరకాయను తడిమి చూసింది. గోరు ఆనించగానే తొక్క మీద గీత పడింది. కోతకు సరిగ్గా వచ్చింది. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా, ఒళ్లంతా తెల్లని నూగుతో ఉండే ఆ కాయను అక్కడివాళ్లు ఆనిగెపుకాయ అంటారు. ఆ విత్తనం ముత్తమ్మకు ఆమె అత్తగారి నుంచి వచ్చింది. ఆవిడకు తన అత్తగారి నుంచి. యుద్ధకాలంలో బొల్లారం దండుకు కూరగాయలు తోలిన రైతులు కొత్త విత్తనాలెన్నో తెచ్చుకున్నారు. యుద్ధం ముగిసినా ముత్తమ్మ పెరట్లోకి మాత్రం పరాయి గింజ రాలేదు.

వచ్చినది ఒక్కటే. దానిని ఆమె స్వయంగా తెచ్చుకుంది. కిందటేడు ఆ పందిరిని చూసి బాటన పోయేవాళ్లు ఆగి మెచ్చుకోవడం మొదలుపెట్టారు. పాదుతోబాటు కొత్త కోడలు బాలమణి చేతి చలవను కూడా పొగిడారు. పాదుకూ కోడలికీ దిష్టి తగులుతుందని ముత్తమ్మ భయపడింది. చెరువు గట్టున పెరిగే చేదుసొర తీగను తెచ్చి, చూపు ముందు దాని మీద పడాలని కంచె మీదికి పాకించింది. ఆ ఏడు పందిరి కాయలు ఎప్పటిలాగే కమ్మగా కాశాయి. దిష్టితీగ పని చేసిందని ఆమె తృప్తిపడి, మొదట్లో కాసిన ఒక కాయను విత్తనానికి ఎండనిచ్చింది. ఇప్పటి పాదు ఆ గింజల నుంచి వచ్చిందే.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. తొలికాయను ఇంటివాళ్లు రుచి చూడరు. కత్తి తగలనీయకుండా ఆడపిల్ల అత్తవారింటికి పంపుతారు. ముత్తమ్మ కూతురు ఇందిరమ్మ శామీర్‌పేటలో ఉంది. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమెకు కడుపు నిలిచింది. ముత్తమ్మ కాయను తడిగుడ్డలో చుట్టి కొడుకు జనార్ధన్ చేతికిస్తూ, ఎవరికీ పెట్టకముందే ఇందిర తినాలని మరీ మరీ చెప్పి పంపింది.

శామీర్‌పేటలో ఇందిరమ్మ ఆ కూర మొదటి ముద్ద నోట పెట్టుకోగానే చేదు తగిలింది. ఉమ్మేయవలసింది. కాని కడుపుతో ఉన్నవాళ్లకు నోరు చేదుగా ఉండటం మామూలే. పైగా అది తల్లి పంపిన తొలికాయ. తప్పు తన నాలుకదే అనుకుని కూరంతా తినేసింది. పొద్దు గూకేసరికి వాంతులు మొదలయ్యాయి, ఆపైన విరేచనాలు. రెండు రోజుల్లో కడుపు పోయింది.

చేదు సొరకాయలో విషముంటుందన్నది నిజం. గర్భం దానివల్లనే పోయిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల వైద్యులు ఆ ఊళ్లో లేరు. అయితే మనుషులకు దుఃఖం వచ్చినప్పుడు సందేహంతో సరిపెట్టుకోవడం చేతకాదు.

కబురు అందిన రోజున ముత్తమ్మ పందిరి మీది కాయలన్నీ ఒక్కొక్కటిగా కోసి నాలుకకు తాకించి ఉమ్మింది. అన్నీ చేదే. తరతరాలుగా కమ్మగా కాసిన విత్తనం ఊరికే ఎలా చెడుతుంది? ఎవరో మైల చేసి ఉండాలి. ఆమె నేరుగా వంటింటి గడపలోకి వచ్చి కోడలిని అడిగింది.

"శ్రావణంల నువ్వు బయట ఉన్న దినాలల్ల పెరట్లకు పోయినవా?"

బాలమణి అబద్ధమాడి తప్పించుకోవచ్చు. ఆమెకు ఆ ఆలోచనే రాలేదు.

"పోయిన అత్తా. మేక దూరితే ఎల్లగొట్టెతందుకు పోయిన. తీగ కిందికి ఒరిగుంటే పందిరి మీదికి ఎక్కించిన."

"పందిరి మీదికి గాదు. నా బిడ్డ కడుపు మీదికి ఎక్కించినవు."

జనార్ధన్ వాకిట్లో నిలబడి ఈ మాటలన్నీ విన్నాడు. ముట్టు తగిలితే పాదు చేదెక్కుతుందో లేదో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. మర్నాడు భార్యను మేడ్చల్ స్టేషన్‌లో రైలెక్కించి, బొల్లారంలో దించి, అక్కడి నుంచి ఆమె పుట్టిల్లు కౌకూర్‌కు నడిచిపొమ్మని చెప్పి వచ్చే బండిలో వెనుదిరిగాడు.

కౌకూర్‌లో బాలమణి తండ్రి ఎంకయ్య ఒంటరివాడు. తల్లి లేని ఇల్లు కనుక వండినా, కడిగినా, పాదులకు నీళ్లు పోసినా బాలమణే. నెలలో మూడు రోజులు ఆమె దూరంగా కూర్చుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంటి కప్పు మీద ఒక సొరతీగ పాకి ఉంది. అది ముత్తమ్మ ఇచ్చిన గింజే. పెళ్లయిన కొత్తలో, దిష్టితీగ కంచె మీదికి రాకముందు, ముత్తమ్మ మూట కట్టి ఇచ్చిన విత్తనాలలో మిగిలినవి ఎంకయ్య బూడిదలో దాచి ఈ ఏడు పెట్టాడు.

బాలమణి ఆ పాదును అన్ని రోజులూ ముట్టుకుంది. నెల గడిచాక ఒక కాయ కోసి, చేదు ఉంటుందన్న భయంతోనే చిన్న ముక్క నోట్లో వేసుకుంది. కమ్మగా ఉంది. తరువాతి కాయ కూడా అంతే. చెయ్యి అదే, వంశం అదే, తప్పిన నియమం అదే. మరి అక్కడ చేదెందుకు, ఇక్కడ తీపెందుకు? ఏడుస్తూ కూర్చోవలసిన రోజుల్లో ఆమె ఈ లెక్క విప్పుకుంటూ కూర్చుంది. తేడా గింజ పట్టిన ఏటిలోనే ఉందని చివరకు తేలింది.

కార్తీకంలో ముత్తమ్మ కొడుకును వెంటబెట్టుకుని కౌకూర్ వచ్చింది. చాప మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండానే, జనార్ధన్‌కు వేరే సంబంధం చూస్తున్నామని, పంచాయితీ దాకా పోకుండా ఒప్పుకుంటే ఇరువైపులా మర్యాదగా ఉంటుందని ఎంకయ్యకు చెప్పింది. ఎంకయ్య కండువా కొసతో మొహం తుడుచుకున్నాడు. బాలమణి లోపలి నుంచి పళ్లెం తెచ్చి అత్త ముందు పెట్టింది. అన్నం, పక్కన సొరకాయ కూర.

"నన్ను ఆనిగెపుకాయ తినుమంటున్నవా? నవ్వులాటగున్నదా నీకు?" అంది ముత్తమ్మ.

"గిది నీ గింజనే అత్తా. నేను కాపురానికొచ్చిన ఏడు నువ్వే మూట గట్టి ఇచ్చినవు. ఒక్క ముక్క నోట్లేసుకో. చేదుంటే నీ కొడుక్కు నేనే దగ్గరుండి లగ్గం జేయిస్త."

ముత్తమ్మ పంతానికి ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమలడం నెమ్మదించింది. రెండో ముక్క తీసుకుంది. తన అత్తగారి చేతి వంట తలపుకొచ్చిందేమో, ఆమె మొహంలో బిగువు సడలింది.

"ఈ పాదును నెలంత నేనే ముట్టిన. బయట ఉన్న దినాలు గూడ," అంది బాలమణి. "ముట్టుకు చెడేదైతే గిది ముందు చెడాలె. నీ మక్క కంకులల్ల తెల్ల గింజల నడుమ ఎర్రయి పడితే ఏమన్నవు? పక్క చేన్ల ఎర్రమక్క పెట్టిండ్రు, గాలికి కలిసిందన్నవు. అప్పుడు నన్ను అనలే."

 ఆ ఎర్ర మొక్కజొన్న సంగతి ముత్తమ్మకు తెలుసు. రెండు తీగలు పక్కపక్కన పూస్తే పురుగు ఈ పూవు మీది నుంచి ఆ పూవు మీదికి వాలుతుందని, ఆ ఏడు కాయ రుచి మారకపోయినా లోపలి గింజ మారుతుందని ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. తెలిసిన సంగతినే సొరతీగకు అన్వయించుకోలేదు. అక్కడ దిష్టి అడ్డం వచ్చింది.

"ఆ కంచె తీగ నేనే పెట్టిన," అంది ముత్తమ్మ. "నీకు దిష్టి తగలొద్దని పెట్టిన."

బాలమణి కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి. అత్త తనను ప్రేమించిన సంగతి ఆమెకు ఇన్నాళ్లకు, ఇలా తెలిసింది.

ముత్తమ్మ పళ్లెం పక్కకు జరిపింది. వేరే సంబంధం మాట ఇక లేదని, ఇవ్వాళే బయలుదేరమని కోడలితో అంది. ఆ తరువాత గొంతు తగ్గించి మరొక మాట అంది.

"ఇందిరకు మాత్రం ఇది చెప్పకు. తల్లి పెట్టిన చేదు అని తెలిస్తే నా మొకం సూడది. నువ్వు ఎట్లయినా ఒక మాట పడ్డవు. గట్లనే ఉండనీ."

ఎంకయ్య తలెత్తి కూతురి వంక చూశాడు. అతని కళ్లలో ఒప్పుకోమన్న వేడుకోలే ఉంది.

"నన్ను ఇంట్లకు రానిచ్చెతందుకు, ఇందిర కడుపుల పిల్లను నేనే చంపిన అని బతుకంత మోయుమంటున్నవా అత్తా? మొయ్య," అంది బాలమణి. "ఇందిరకు నీ నోటితోని చెప్పిన నాడు వస్త. చెప్పకుంటే నాయిన దగ్గరనే ఉంట."

జనార్ధన్ ఏదో చెప్పబోయాడు. బాలమణి అతనివైపు తిరిగి, అమ్మ నోట ఏది వస్తే అదే నిజమని నమ్మినవాడికి ఇప్పుడు చెప్పేందుకు ఏమీ ఉండదని మెల్లగానే అంది. తల్లీకొడుకులు పళ్లెం అక్కడే వదిలి లేచిపోయారు.

కార్తీకం గడిచింది. ఎవరూ రాలేదు. పంతానికి పోయి కాపురం చెడగొట్టుకున్నావని ఎంకయ్య ఒకటి రెండుసార్లు గొణిగాడు. ఆమె నిజం పట్టుకుంది. కాని ఆ నిజం తనను తిరిగి ఇంటికి చేర్చగలదో లేదో ఆమెకు రూఢిగా తెలియదు. ముత్తమ్మ ఎప్పటికీ నోరు విప్పకపోవచ్చు. ఆ సంగతి లెక్కలో వేసుకునే ఆమె ఆ మాట అంది.

మార్గశిరంలో ఒక ఉదయం ఇంటి ముందు ఎడ్లబండి ఆగింది. పగ్గాలు జనార్ధన్ చేతిలో ఉన్నాయి. ముందుగా దిగినది ఇందిరమ్మ. మనిషి చిక్కిపోయింది. వెనుక బండిలో ముత్తమ్మ కొంగు కప్పుకుని కూర్చునే ఉంది.

"అమ్మ చెప్పింది వదినె," అంది ఇందిరమ్మ. "చెప్పిన సంది నేను ఆమెతోని మాట్లాడ్తలేను. మాట్లాడ్తనో లేదో గూడ తెల్వది. నీ మీద నేను అన్న మాటలున్నయి. శాపాలు పెట్టిన. ఆ మాటలు ఎనుకకు తీసుకుందామని వచ్చిన."

బాలమణి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఇందిరమ్మ కడుపు పోయాక మొదటిసారి, ఎవరినీ నిందించని ఏడుపు ఏడ్చింది.

బట్టల మూటను అందుకోబోయిన జనార్ధన్‌కు బాలమణి దాన్ని ఇవ్వలేదు. తనే మోసుకుని బండెక్కింది. ఒకవైపు అత్త, ఒకవైపు ఆడపడుచు. నడుమ మాత్రమే చోటుంది, అక్కడే కూర్చుంది. బండి బొల్లారం దాటింది. తల్లి కూతురివైపు చూడలేదు, కూతురు తల్లివైపు చూడలేదు. కొంతసేపటికి ముత్తమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి కోడలి చేతి మీద ఆగింది. ఆ వెనుకనే వెచ్చని చుక్కలు రాలాయి.

బాలమణి తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చేతిని పట్టుకోనూ లేదు.