వెలుతురు దూరని బోల్టు

"ఇంకా ఎంతసేపు అమ్మమ్మా?"

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆ ప్రశ్న అడగడం అది తొమ్మిదోసారి. అడిగిన అమ్మాయికి పదేళ్ళు. ఒకచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ బొంగరం అని పిలుస్తారు.

"నువ్వు అడగడం మానేసేంతసేపు," అంది కారు కిందినుంచి అమ్మమ్మ. బయటికి ఆమె పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

ఆ కారు బొంగరం వాళ్ళ అమ్మకంటే వయసులో పెద్దది. అమ్మమ్మా, చిన్నమ్మమ్మా డ్రైవింగ్ నేర్చుకున్నది దానిమీదే. ఎన్నో ఏళ్ళు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. రెండేళ్ళుగా అమ్మమ్మ ఒక్కో భాగమే విప్పి, రుద్ది, మళ్ళీ బిగిస్తోంది.

ఇవాళ ఐదింటి రైలుకి చిన్నమ్మమ్మ వస్తోంది. "స్టేషన్ నుంచి నిన్ను మన కారులోనే తీసుకొస్తా" అని అమ్మమ్మ మాటిచ్చేసింది. ఇక మిగిలిందల్లా చిన్నమ్మమ్మ కూర్చోవలసిన ముందు సీటు. దాని బోల్టులు తుప్పు పట్టి, విప్పుతుంటే మూడు విరిగాయి. ఒక్కటి బాగానే ఊడివచ్చింది.

అమ్మమ్మ బయటికి వచ్చి ఆ ఒక్కదాన్ని బొంగరం చేతిలో పెట్టింది.

"దీనికి తోడబుట్టినవి నాలుగు పట్టుకురా, అన్నీ కొత్తవే వేద్దాం. లావు, పొడుగు సరిపోతే చాలదు. ఇదిగో, ఒంటి చుట్టూ మెలికలు తిరిగిన ఈ గాట్లున్నాయే, ఇవి మరలు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఆనించి, మరలో మర కూర్చోబెట్టి, వెలుతురుకి పట్టి చూడు. సందులోంచి వెలుతురు కనిపించిందంటే అది మనది కాదు."

చివరి మాట అయ్యేసరికి బొంగరం గేటు దాటేసింది.

వీధి చివర హార్డ్‌వేర్ షాపు. గోడ నిండా చెక్క డబ్బాలు. షాపాయన ఎవరికో గొళ్ళెం చూపిస్తున్నాడు. బొంగరం ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మారింది. ఇక ఆగలేక తనే ఒక డబ్బాలో చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసింది. అదే లావు, అదే పొడుగు, పైగా తళతళ! నాలుగు ఉంచుకుని, మిగిలిన ఏడూ చేతికి దగ్గరగా ఉన్న ఇంకో డబ్బాలో పడేసింది.

"మర చూశావా అమ్మాయ్?" అన్నాడు షాపాయన.

"చూశా బాబాయ్!"

"లేడికి లేచిందే పరుగు," అని నవ్వాడాయన. ఆ మాట కూడా ఆమె వెనకే మిగిలిపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ కారు ముందు వంగి బ్యాటరీ వైర్లు చూస్తోంది.

"నేను బిగిస్తా అమ్మమ్మా, నేనే!"

"సరే. బోల్టు అడుగుదాకా వేళ్ళతోనే తిరగాలి. స్పానర్ ఆఖర్న, బిగింపుకి మాత్రమే."

మొదటి బోల్టు వేళ్ళతో రెండు చుట్లు తిరిగింది. ఆగింది. బొంగరం గడియారం చూసింది. మూడు కావస్తోంది. స్పానర్ తగిలించి బలమంతా పెట్టింది. కిర్రుమంది. ఇంకోసారి లాగింది. ఇక కదల్లేదు.

"ఎలా ఉంది?" అంది అమ్మమ్మ అటువైపునుంచి.

"రాయిలా ఉంది!"

కానీ సీటు పట్టుకుని ఊపితే అది టకటకలాడింది. బోల్టు తల కింద వేలు పట్టేంత సందు.

బొంగరం స్పానర్ కింద పెట్టేసింది. కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగింది. ఒకసారి. రెండుసార్లు. పైన కార్పెట్ పరిస్తే ఎవరికీ కనిపించదు. కానీ అమ్మమ్మ బ్రేకు వేస్తే? సీటుతో సహా చిన్నమ్మమ్మ ముందుకొస్తే?

మూడో చుట్టు సగంలో ఆగిపోయింది.

"అమ్మమ్మా, అది రాయిలా లేదు. నేను మర చూడలేదు. చూశానని షాపులో అబద్ధం చెప్పా."

అమ్మమ్మ వచ్చి, బోల్టుని మెల్లగా విప్పి చూపించింది. మరలు నలిగి, వెండి పొట్టులా రాలుతున్నాయి.

"మన కారు కాలంలో అన్నీ అంగుళాల కొలత. ఇవి మిల్లీమీటర్లవి. మొహాలు ఒకటే, పళ్ళు వేరు."

"పాడైపోయిందా? ఇక కారు రాదా?"

"చూద్దాం. నీ బలం నాకు తెలుసుగానీ, బోల్టుకి తెలీదు పాపం," అంది అమ్మమ్మ. నలిగిన మరని మళ్ళీ కోసే పనిముట్టు ఒకటి తీసి సీటు కింది రంధ్రంలో పెట్టింది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. బొంగరం కాళ్ళు పీకుతున్నా అక్కడే గొంతుక్కూర్చుంది. పదిహేను నిమిషాలకి అమ్మమ్మ పాత బోల్టు పెట్టి వేళ్ళతో తిప్పింది. సాఫీగా దిగింది.

"బతికింది. ఇక నీ వంతు."

ఈసారి షాపాయన సరైన డబ్బా దించి, నాలుగు తీసిచ్చాడు. "ఇవే మీవి. పరిగెత్తు, రైలొచ్చేస్తుంది."

బొంగరం పరిగెత్తలేదు. గుమ్మంలోకి వెళ్ళి, పాత బోల్టుకి కొత్తది ఆనించి ఎండకి పట్టింది. ఒకటి, చీకటి గీత. రెండోది, అంతే. మూడోదానికి సన్నగా, వెంట్రుకంత వెలుతురు మెరిసింది.

"బాబాయ్, ఇది కాదు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "అవునే! ఎవరు కలిపారో ఇందులో!"

బొంగరం చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరో కాదు బాబాయ్. నేనే."

డబ్బా బల్లమీద బోర్లించారు. ఆమె చేత్తో కలిపినవి మొత్తం ఏడు దొరికేదాకా, ఒక్కోదాన్నే వెలుతురుకి పట్టి ఏరింది.

నాలుగుంపావుకి అమ్మమ్మ చీర మార్చుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. ఇంజన్ గురగురలాడింది. పక్కన కింద బొంగరం మోకాళ్ళమీద వంగి ఉంది. మూడు బోల్టులు బిగిశాయి.

అమ్మమ్మ హారన్ కొట్టింది. "ఇంకా ఎంతసేపు తల్లీ?"

"కాస్త ఆగు అమ్మమ్మా," అంది బొంగరం తల ఎత్తకుండానే. "ఇది ఇంకా వేళ్ళకే తిరుగుతోంది."

స్పానర్ ఆమె ఒళ్ళో ఉంది. దాని వంతు ఇంకా రాలేదు.