సిలువ జరిపిన చోటు

బోరింగు దగ్గర నా బిందె పదకొండోది. ఎనభై ఐదో సంవత్సరం, శ్రావణం వచ్చినా చినుకు లేదు. తనకల్లు దాటి మా పల్లె వరకూ విత్తిన శెనక్కాయ మట్టిలోనే మాడిపోయింది. బోరింగు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయినా ఆడవాళ్ల నోళ్లు మాత్రం ఆగేవి కావు. ఆ పొద్దు నన్ను చూడగానే ఆగాయి. నా బిడ్డ గురించే మాట్లాడుకుంటున్నారని అర్థమైంది.

మా రూతుకు ఒంటి మీద బొల్లి మచ్చలు ఉండేవి. పద్దెనిమిదేళ్లకే జ్వరంతో పోయింది. బొల్లి ఉన్నవాళ్లను కాల్చాలి, పూడిస్తే వాన నిలిచిపోతుందని మా దిక్కు నమ్మకం. మేము యేసును నమ్మినవాళ్లం. ప్రార్థన చేసి పూడ్చుకున్నాం. ఏడాది తిరక్కముందే కరువుకు నా బిడ్డ కారణమైంది. బతికున్నప్పుడు ఆ పిల్ల చేతి నీళ్లు తాగనివాళ్లకు చచ్చాక ఆమెతో పని పడింది!

సాయంత్రం ఊరి పెద్ద ఈశ్వరప్ప మా గుడిసె ముందుకొచ్చాడు.

"రేపు మద్యాన్నం తవ్వి కాల్చేస్తాం. ఏమప్పా మారెప్పా, నువ్వే తవ్వల్ల. గుంత తీసినోడివి నువ్వే కదా."

నా మొగుడు తల వంచుకున్నాడు. పల్లెలో ఎవరు చచ్చినా గుంత తవ్వేది ఆయనే. కాదంటే మాకు బోరింగు నీళ్లు కూడా దక్కవు.

"దేవుడు కాపాడతాడు చెన్నమ్మా" అన్నాడు పాస్టరు. నాకు అంత ఓపిక లేకపోయింది. పొద్దు గూకేవేళ గుట్ట కిందికి పోయాను. రూతు సమాధి మీది వేపకొయ్య సిలువను పీకి, ఇరవై అడుగుల అవతల ఉత్త నేలలో పాతి, అక్కడ మట్టి పోగేశాను. అసలు దిబ్బను కాళ్లతో తొక్కి చదును చేశాను. కన్నతల్లి చేసే పనేనా అది? ఏడుస్తూనే చేశాను.

మర్నాడు మధ్యాహ్నం గాలి లేదు, కాకి అరుపు లేదు. కాలిన రాళ్ల వాసన, కిరసనాయిలు వాసన. మారెప్ప సిలువను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తన చేతులతో తీసిన గుంత ఎక్కడుందో ఆయనకు తెలియదా? సిలువ పీకి పక్కన పెట్టాడు. గడ్డపార ఎత్తాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషి మీద అంత ప్రేమ నాకెప్పుడూ పుట్టలేదు.

మోకాలి లోతు. నడుము లోతు. ఎప్పుడూ ఎవరూ తవ్వని గట్టి నేల... ఉన్నట్టుండి గడ్డపార ఆగింది. కింది నుంచి చల్లటి తడి వాసన వచ్చింది.

"నాయనా..."

సన్నగా. మట్టిలోంచి.

"ఈడ కాదు నాయనా... ఆడుండా."

నా రూతు గొంతు. అందరూ విన్నారు. ఎవరి చేతిలోంచో కిరసనాయిలు డబ్బా జారిపడింది. ఈశ్వరప్ప చుట్టూ చూశాడు. నేను తొక్కిన నేల ఆయన కంటబడింది.

"ఆడ తవ్వు" అన్నాడు.

మారెప్ప ఏడుస్తూ తవ్వాడు. చాప బయటపడింది. బిడ్డను మేము చుట్టిన చుట్ట అట్లాగే ఉంది, తాళ్ల ముడులు ఊడలేదు. కోసి చూశారు. లోపల ఏమీ లేదు... ఒక్క వెంట్రుక కూడా.

వచ్చినవాళ్లందరూ ఊరి వైపు పరుగు తీశారు. నా మొగుడు ఖాళీ చాప ముందు మోకరించాడు.

"దేవుడే తీసకపోయినాడే చెన్నమ్మా. మన బిడ్డ సల్లంగా ఉండాది. ఇంగ ఎవురూ ముట్టుకోలేరు."

పాస్టరూ అదే చెప్పాడు. నేనూ నమ్మాను. బిడ్డ పోయాక మొదటిసారి ఆ పూట కడుపు నిండా తిన్నాను. కానీ తెల్లవారేసరికి ఒక్క మాట నన్ను తినేయడం మొదలుపెట్టింది. బిడ్డ దేవుడి దగ్గరుంటే, ఆ ఉత్త గుంతలోంచి పలికిందెవరు?

మధ్యాహ్నం ఒక్కదాన్నే పోయాను. గుంత ఇంకా పూడ్చలేదు. లోపలికి దిగి, నేలకు చెవి ఆనించాను.

"రూతూ... దేవుడి దగ్గరుండావా తల్లీ?"

చెవి ఇంకా గట్టిగా అదిమాను. తర్వాత కింద ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"ఎవురో ఉండారు మా. చెయ్యి పట్టుకోనుండారు."

నా ప్రాణం లేచి వచ్చింది. "ఆయనే తల్లీ, ఆయనే! బయపడాకు."

"మొగం చూపియ్యరు మా..." గొంతు ఇంకా లోతుకు పోయింది. "ఇడిసిపెట్టమన్నా ఇడిసిపెట్టరు..."