కలివికోడి కన్ను

పది గంటల ఇరవై రెండు నిమిషాలకు తరగతిలోని నలభై చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఉలి మొనలు చెక్క పలకల మీంచి బెత్తెడు ఎత్తుకు లేచి గాలిలో నిలబడ్డాయి. నలభై ఒకటో చెయ్యి టీచరు ఓబుళేశ్వరిది. అదీ ఆగింది. ఆమె ఆపలేదు, తొడుగు ఆపింది.

ఒక పిల్లవాడు ఆవలించాడు. ఇంకొకడు ఖాళీగా ఉన్న ఎడమ చేత్తో ముందు బెంచీ పిల్ల జడ లాగాడు. ఓబుళేశ్వరి లోలోపల లెక్కపెట్టుకుంది. పందొమ్మిది దగ్గర చేతులన్నీ మళ్లీ కిందికి దిగి, పలకల మీది కలివికోడి పిట్ట కంటిని గుండ్రంగా చెక్కడం మొదలుపెట్టాయి.

గురుతొడుగులు వచ్చి ముప్పై ఏళ్లు కావస్తోంది. పనిలో ఆరితేరిన ఒక మనిషి చేతి కదలికలను పట్టి దాచి, తొడుక్కున్నవాళ్ల చేతికి అప్పజెప్పే పరికరాలవి. ఇప్పుడు కడపలో ఏ హోటల్‌కు వెళ్లినా దోసె అంచు ఒక్క తీరుగానే ఉంటుంది. మంగలి షాపులో గడ్డం గీసేదీ, ఆస్పత్రిలో కుట్లు వేసేదీ ఎక్కడో ఉన్న ఇంకెవరిదో చెయ్యి. అలా దాచిన చేతిని మూలహస్తం అంటారు. అడవి పక్షుల్నీ జంతువుల్నీ గీసి, చెక్కి, కాగితం మీద అచ్చు వేసే విద్యకు మూలహస్తం ఓబుళేశ్వరిదే. ముప్పై ఎనిమిదో ఏట ఇచ్చింది. ఇప్పుడామెకు అరవై ఒకటి.

ఇచ్చింది తిరిగి రాదని ఆమెకు తర్వాత తెలిసింది. వయసుతో వేళ్లు బిగుసుకుని గీత మారింది. మూలహస్తాలను భద్రపరిచే హస్తనిధి కార్యాలయం వాళ్లు ఆమె చేతిని పరీక్షించి, మూలంతో సరిపోలడం లేదని తేల్చారు. అప్పటి నుంచి తన పాఠం చెప్పడానికి తన పాత చేతినే తొడుక్కోవాలి. పోయిన నెల కిటికీలో వాలిన గోరింకను వట్టి చేత్తో గీసి గోడకు అంటించుకుంది. తనిఖీకి వచ్చినవాడు దాన్ని పీకేశాడు. ఓబుళేశ్వరి గారి శైలిలో లేదట!

ఇవన్నీ ఎలాగో భరించేది. ఆ పందొమ్మిది సెకన్లను భరించడమే ఆమె వల్ల కాలేదు.

‘కన్ను చెక్కే ముందు కళాకారిణి ఊపిరి బిగబట్టి, పక్షి చూపును మనసులో దర్శిస్తుంది’ అని పాఠ్యపుస్తకంలో ఉంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అచ్చమైన అబద్ధం. ఇంట్లోనే చేతిని నమోదు చేస్తున్న ఆ రోజు పక్క గదిలో ఆమె అమ్మ మంచం మీద దగ్గుతోంది. అది నమోదుకు ఆరో రోజు. చెయ్యి పలకను వదిలి పక్కకు వెళ్తే ఆరు రోజుల పనీ మొదటికి వస్తుంది. సరిగ్గా కన్ను దగ్గరికి వచ్చేసరికి దగ్గు ఆగిపోయింది. ఓబుళేశ్వరి ఉలి ఎత్తి చెవి ఒగ్గింది. మళ్లీ దగ్గుతుందని ఎదురుచూసింది. దగ్గలేదు. అయినా లేవలేదు. కన్ను పూర్తిచేసి లోపలికి వెళ్లేసరికి అమ్మ లేదు. ముందే వచ్చినా బతికేది కాదన్నాడు డాక్టరు. ఆ మాట ఆమెకు దేనికీ పనికి రాలేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నమోదులో లోపం ఉందనీ, ఆ విరామం తీసెయ్యమనీ పదకొండేళ్లుగా అర్జీలు మాత్రం పెడుతోంది. రోజుకు నాలుగు తరగతులు. నాలుగుసార్లు చెయ్యి లేస్తుంది, వింటుంది, మళ్లీ కన్ను చెక్కడానికి దిగుతుంది. చెక్కడం మొదలయ్యాక పాఠం అయ్యేదాకా తొడుగు తాళం ఊడదు. మధ్యలో లేచి వెళ్లడానికి ఈ జన్మకు వీల్లేదు.

తరగతి అయ్యాక హస్తనిధి అధికారి దస్తగిరి వచ్చాడు. వెంట పెంచల ఉంది, ఎనిమిదో తరగతి పిల్ల.

“మేడమ్, మంచి కబురు తెచ్చినా. మీ అర్జీ ఒప్పుకున్నారు. ఇక్కడ వేలిముద్ర వేసినారంటే రేపట్నుంచి ఆ విరామం ఉండదు.”

ఓబుళేశ్వరి కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇన్నేండ్లు కానిది ఇప్పుడెట్ల అయ్యింది నాయనా?”

“ఈ పాప చేసిన పనికి. ఇంటికాడ పాఠం చేసుకుంటా, చెయ్యి ఆగినప్పుడు ఎడమ చేత్తో ఇంకో ఉలి తీసి తొడుగు పట్టీ కోసేసింది. విరామం లేకుంటే పిల్లోళ్లకు ఇట్లాంటి బుద్ధులు పుట్టవని పైవాళ్లు తేల్చినారు. తప్పు పాఠానిదే అని మీరు ముద్ర వేస్తే పాపకు శిక్ష కూడా ఉండదు. లేదంటే ఏడాది తొడుగు ఇయ్యరు.”

“ఎందుకు కోసినావు పెంచలా?”

పెంచల తల వంచుకునే చెప్పింది. “కన్ను కాడ చెయ్యి ఏందో వింటాన్నట్టు ఉంటాది మేడమ్. పుస్తకంలో మనసులో చూస్తాదని రాసినారు గానీ, నాకట్ల అనిపియ్యలే. మణికట్టు వాకిలి పక్కకు తిరుగుతాది గదా. అందుకని నేను గూడా విన్యా. అంతవరకూ మా జేజి లోపల పాట పాడుకుంటా ఉండె. పాట ఆగిపోయింది. పిలిస్తే పలకలే. లేద్దామంటే తొడుగు వదల్లే.”

“జేజికి ఏమైందే?” ఓబుళేశ్వరి కుర్చీ అంచుకు జరిగింది.

“ఏం కాలే మేడమ్. నిద్రపోయింది. దుప్పటి కప్పి వచ్చినా.”

ఓబుళేశ్వరికి మొదట కలిగింది అసూయ. పదమూడేళ్ల పిల్ల మీద, దుప్పటి కింద హాయిగా నిద్రపోతున్న ఆ ముసలి నాయనమ్మ మీద పట్టరాని అసూయ. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఆ రోజు తను లేవలేదు. కానీ లేవాలనుకున్న సంగతిని చెయ్యి దాచి పెట్టుకుంది. ఏ పుస్తకానికీ చిక్కనిది ఈ పిల్లకు చిక్కింది.

“విరామం ఉండనీండి. అక్కడ తాళం మాత్రం ఊడేట్టు చెయ్యండి,” అంది కళ్లు తుడుచుకుని.

“తాళం ఊడితే పిల్లోళ్ల చేతులు తెగుతాయని ఒప్పుకోరు మేడమ్. తీసేసేది ఒకటే దారి.”

“అయితే వద్దు. నేను ముద్ర వెయ్యను.”

దస్తగిరి తెల్లబోయాడు. “పదకొండేండ్లు కాళ్లరిగేలా తిరిగింది మీరే గదా! మరి పాప సంగతి?”

ఓబుళేశ్వరి పెంచల వైపు తిరిగింది. “ఏడాది తొడుగు ఉండదంట. వట్టి చేత్తో గీస్తావా? గీత వంకర పోతాది. అచ్చులో బొమ్మ తిరగబడేది గూడా నువ్వే గుర్తు పెట్టుకోవాల.”

“మీరు నేర్పుతారా మేడమ్?”

“నాకొచ్చినంత నేర్పుతా.”

తొడుగు లేకుండా నేర్పితే ఉద్యోగం పోతుందని దస్తగిరి మెల్లగా గుర్తుచేశాడు. ఆమె సొరుగులోంచి ఒక పెన్సిలు తీసి పెంచల చేతికిచ్చింది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పన్నెండింటికి తన తరగతిలో పెంచల చివరి బెంచీ మీద వట్టి చేత్తో, పెన్సిలుతో కూర్చుంది. ముప్పై తొమ్మిది చేతులు కలివికోడి రెక్కను చెక్కాయి, మెడను చెక్కాయి, కంటి దగ్గరికి వచ్చి లేచి ఆగాయి. ఓబుళేశ్వరి చెయ్యి కూడా లేచింది. ఈసారి ఆమె లెక్కపెట్టలేదు. ఎడమ చేత్తో బల్ల మీది చిన్న ఉలి తీసుకుని మణికట్టు కింద పట్టీ కోసింది. అది తెగడానికి మూడు కోతలు పట్టింది. తొడుగు ఊడి బల్ల మీద పడింది.

పిల్లలు నోళ్లు తెరిచి చూస్తుండగా ఆమె లేచి పక్క గది తలుపు తీసింది. కాగితాల కట్టలు, సిరా డబ్బాలు పెట్టుకునే గది అది. గుమ్మం దాటి లోపలికి వెళ్లింది. మూల మూలకూ చూసింది. “అమ్మా,” అని ఒకసారి పిలిచింది.

తిరిగి వచ్చేసరికి ముప్పై తొమ్మిది ఉలులు కన్ను చెక్కుతున్నాయి. పెంచల ఒక్కతే పెన్సిలు ఆపి ఆమె ముఖంలోకి చూస్తోంది.

“ఎవరున్నారు మేడమ్ లోపల?”

“ఎవరూ లేరమ్మా. చూసొచ్చినా.”